సున్నం కొట్టని జాగా

ఫోనులో లింగమయ్య నవ్వుతున్నాడో తిడుతున్నాడో ఓబులేశ్వరికి వెంటనే అర్థం కాలేదు.

"మేడం, మీరిచ్చిన కందిరీగలు మా ఊర్లోనే ఉండాయి. దాంట్లో అబద్ధం లేదు. కాకపోతే కంది చేన్లో లేవు. కారం మిషనుకాడ ఉండాయి."

"కారం మిషనుకాడా?"

"అదే మేడం, బస్టాండు పక్కన మిరపకాయలు దంచే మిషను. పొద్దున్నించి దాని గోడ చుట్టే తిరుగుతాండాయి. ఆడోళ్ళు సంచులు ఆడాడే పడేసి పరిగెత్తినారు. పెట్టె తెచ్చింది నేనే గదా, ఆ మిషనాయప్ప నా మీదికొచ్చినాడు. చేన్లో పురుగేమో కాయలు తొలిచి తింటాంది, మీ రీగలేమో కారం తింటాండాయి. ఇదేం న్యాయం?"

"రీగలు కారం తినవు లింగమయ్యా."

"మరి ఏం చేస్తాండాయో మీరే వచ్చి చూడండి."

ఓబులేశ్వరి ఫోను పెట్టేసింది. నలభై ఊళ్ళకు పంపిన పెట్టెల్లో ఇది మూడో ఫిర్యాదు. ఒక ఊళ్ళో రీగలన్నీ అటుకులు దంచే ఇంటి ముందు చేరాయన్నారు. ఇంకో ఊళ్ళో బోరు వేస్తుంటే ఆ బండి చుట్టూ మూగాయన్నారు. ఆ రెండూ విని నవ్వేసింది. మూడు తమాషాలు ఒకే రకంగా ఉన్నాయంటే అది తమాషా కాదని, పదిహేడేళ్ళు పురుగులతో కాపురం చేసిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కందిరీగ అనగానే జనానికి కుట్టడం ఒక్కటే గుర్తొస్తుంది. ఓబులేశ్వరి చదువూ ఉద్యోగమూ పేరూ అన్నీ నిలబడింది వేరే రీగ మీద. అది గుంపు కట్టదు, మనుషుల జోలికి రాదు. వంక ఒడ్డున తడిమట్టిని ఉండలు చేసి తెచ్చి, గోడకో బండకో ఉసిరికాయంత కుండలు కడుతుంది. చేలో కాయ తొలిచే పచ్చపురుగులను పట్టుకొచ్చి ఆ కుండల్లో కుక్కి, మూత వేసి వెళ్ళిపోతుంది. ఆ పురుగులు దాని పిల్లకు తిండి. ఒకప్పుడు ఆ వైపు కంది పండించినవాళ్ళకు ఈ రీగ అడగకుండానే చేసిపెట్టిన సాయం అంతా ఇంతా కాదు. ఆ సంగతి అది ఉన్నన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

డ్రోన్లు మందు చల్లడం మొదలై ఒక తరం గడిచింది. మైదానంలో వంకలు ఎండాయి, మట్టిగోడలు పోయాయి, పువ్వు పూసే గట్లను దున్నేశారు. మట్టి కందిరీగ ఇప్పుడు నీలిగుండం అభయారణ్యంలో తప్ప ఎక్కడా లేదు. పురుగు మాత్రం మందుకు అలవాటుపడి హాయిగా ఉంది.

ఓబులేశ్వరి రీగలను ల్యాబులో పుట్టించింది. పుట్టించడం కష్టం కాలేదు, అవి బతకడమే కష్టమైంది. రెక్కలున్నాయి, కొండి ఉంది, ఏం చేయాలో మాత్రం తెలియదు. తడిమట్టి పెడితే దాని మీదెక్కి కూర్చునేవి. పురుగును పెడితే పక్కకు తప్పుకొని పోయేవి. వారం తిరిగేసరికి చచ్చిపోయేవి.

అప్పుడామె అడవికి వెళ్ళి తల్లి రీగను నెలల తరబడి చూసింది. మట్టి మెత్తేటప్పుడు అది జుయ్‌మని మోత చేస్తుంది. కుండ లోపల పైకప్పు నుంచి గుడ్డు సన్నని దారంతో ఉయ్యాలలాగా వేలాడుతూ ఉంటుంది. ఆ మోతకు కుండ అదురుతుంది, దారం అదురుతుంది, గుడ్డు అదురుతుంది. పిల్ల బయటికొచ్చేసరికి తల్లి బతికి ఉండదు. బిడ్డకు చెప్పాల్సిందంతా తల్లి ఆ అదురులోనే చెప్పి పోతుందేమోనని ఓబులేశ్వరికి తోచింది. అడవిలో ఒక గూటి పక్కన గోడకు యంత్రం అంటించి నలభై రోజులు ఆ అదురును రికార్డు చేసింది. ల్యాబులో చిన్న చిన్న మట్టి గదులు చేసి, గుడ్లు పెట్టి, వాటికి ఆ రికార్డింగు వినిపించే పెట్టె తయారుచేసింది. కాగితాల్లో దాని పేరు కంపన పేటిక. ల్యాబులో ఎవరూ ఆ పేరు పలకలేదు. అందరూ జోలపెట్టె అన్నారు.

మొదటి పెట్టెలోంచి వచ్చిన రీగ ఒకటి ల్యాబు కిటికీ చట్రం మీద మట్టికుండ కట్టిన రోజు డైరెక్టరు అందరికీ మైసూరుపాకు పంచాడు. ఆ సంతోషం ఎంత దూరం పోయిందంటే, ఇప్పుడు ఓబులేశ్వరి బల్ల మీద ఒక ఫైలు ఉంది. నీలిగుండం పడమటి భాగం రెండు వేల ఎకరాలను అభయారణ్యంలోంచి తీసేసి వేరే పనికి ఇవ్వాలని ప్రతిపాదన. రీగ పెట్టెలో పుడుతుంటే అడవితో దానికేం పని అని పైవాళ్ళు అడుగుతున్నారు. ఆమె నెలాఖరులోగా ఒక్క వాక్యం కింద సంతకం చేయాలి: ఈ జాతి మనుగడకు ఇకపై అభయారణ్యం అవసరం లేదు. ఆ సంతకం పడితే మిగతా ఊళ్ళన్నిటికీ జోలపెట్టెలు వెళతాయి. అడవి ముక్కకు ముక్క తెగుతుంది.

ఆ యంత్రం అంటించిన ఈరమ్మ ఇల్లు ఆ పడమటి భాగంలోనే ఉంది. ఓబులేశ్వరి మూడేళ్ళుగా ఆ ఇంటి వైపు వెళ్ళలేదు.

*

లింగమయ్య ఊరు గోనెపల్లెలో కారం మిషను దగ్గర గాలికే తుమ్ములొచ్చేలా ఉంది. మిషనంటే పెద్ద ఆర్భాటమేమీ కాదు, మోటారుతో లేచి పడే రెండు ఇనుప రోకళ్ళు. దబ్‌, దబ్‌ అని పడుతుంటే కింద నేల అదురుతోంది. వెనక సిమెంటు గోడ మీద యాభై అరవై రీగలు తిరుగుతున్నాయి. వాలుతున్నాయి, మీసాలతో గోడను తడుముతున్నాయి, లేచి మళ్ళీ వాలుతున్నాయి.

"ఒకసారి మిషను ఆపండి," అంది ఓబులేశ్వరి.

ఆపారు. రెండు నిమిషాల్లో రీగలు చెల్లాచెదురయ్యాయి. మళ్ళీ వేయమంది. రోకళ్ళు పది దెబ్బలు వేశాయో లేదో అవి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.

గోడ మొదట్లో చచ్చిన రీగలు చేటెడున్నాయి. మిషనాయన వాటిని చీపురుతో ఒక మూలకు ఊడ్చి పెట్టాడు. ఓబులేశ్వరి వంగి ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. దాని కాళ్ళకు మట్టి లేదు, కారం అంటుకొని ఉంది. గూడు కట్టే చోటు దొరక్క తిరిగి తిరిగి చచ్చిపోయింది.

లింగమయ్య పక్కకొచ్చి నిలబడ్డాడు. చేను మాట ఎలా ఉన్నా నోటికి మాత్రం కరువులేని మనిషి.

"మా తాత కాలంలో కంది చేనంటే రీగలుంటాండెనంట మేడం. అందుకే కందిరీగ అన్నారని ఆయన చెప్తాండె. నిజమో కాదో నాకు తెలీదు. ఇప్పుడు కంది ఉండాది, రీగ లేదు. మీరొచ్చి రీగనిస్తిరి, అది కందిని మర్చిపోయె. మేం ఇంగ మందే కొట్టుకోవల్ల, అంతేనా?"

"పది రోజులు ఆగు లింగమయ్యా. మందు కొట్టొద్దు."

"పది రోజులు నేను ఆగుతా. పురుగు ఆగాల గదా."

ఓబులేశ్వరి జీపు ఎక్కిందే గానీ దారి పొడుగునా చెవుల్లో ఆ రోకళ్ళ చప్పుడే వినిపించింది.

*

ల్యాబులో ధ్వనుల పని చూసే ఇంజనీరు పేరు రిజ్వానా. మనసులో మాట నోట్లోకి రావడానికి ఆమెకు క్షణం పట్టదు. జోలపెట్టె రికార్డింగును ఆమె పరీక్షించిందే గానీ ఎప్పుడూ చెవులారా వినలేదు. గోడలోని అదురు మనిషి చెవికి అందేలా చేయాలంటే చాలా మార్పులు చేయాలి, అంత అవసరం రాలేదు. తెర మీద గీతలు చూస్తే సరిపోయేది.

ఆ గీతల్లో ఒక విశేషం ఉంది. రీగ మోత కింద, చాలా లోతుగా, ఆగి ఆగి వచ్చే ఒక దెబ్బ. మొదట్లో అది బయటి చప్పుడనుకొని తీసేశారు. తీసేసిన రికార్డింగుతో పుట్టిన రీగలు ఒక్కటీ గూడు కట్టలేదు. తీయకుండా ఉంచితే కట్టాయి. దాంతో ఓబులేశ్వరి ఆ దెబ్బే అసలు రహస్యమని తేల్చి, దానికి 'మూల లయ' అని పేరుపెట్టి, పదకొండు పేజీల వ్యాసం రాసింది. డైరెక్టరు ఆ మూల లయ మీద రెండు సభల్లో ఉపన్యాసాలిచ్చాడు. గోనెపల్లె రోకళ్ళ సంగతి విన్నాక రిజ్వానా ఆ రికార్డింగును మొదటిసారి చెవికి అందేలా చేసింది.

"మేడం, ఒక మాట చెప్తా. కోప్పడొద్దు," అంది రిజ్వానా, చెవులకున్న యంత్రం తీసి ఆమె చేతికిస్తూ. "మీ మూల లయ మా నానమ్మ ఇంట్లో విన్నా నేను. ఇది రోకలి."

ఓబులేశ్వరి విన్నది. దబ్‌. దబ్‌. దబ్‌. ఏడు పోట్లు. తర్వాత కొంచెం విరామం, రోట్లో గింజలను చేత్తో ఎగదోసేంత సేపు. మళ్ళీ ఏడు పోట్లు. కొర్రలు దంచుతున్న చప్పుడు. అనుమానం లేదు.

"ఇంకోటి కూడా ఉంది," అంది రిజ్వానా. ఇంకొంచెం పెంచింది.

విరామాల్లో ఒక ఆడగొంతు. పాట కాదు, మాటలు లేవు. పెదవులు మూసి తీసే రాగం. పసిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకొని జోకొట్టేటప్పుడు తీసేది.

తాను పెద్ద పేరుపెట్టి ప్రపంచానికి చాటింది ఒక ఇంటి ఇల్లాలి రోకటిపోటు అని తెలిసిన శాస్త్రవేత్తకు సిగ్గు ముంచుకురావాలి. ఓబులేశ్వరికి సిగ్గు రాలేదు. ఆ గొంతు ఎవరిదో తెలిసి చెవులకున్న యంత్రం తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరు మేడం?" అంది రిజ్వానా.

"ఈరమ్మ," అంది ఆమె.

*

ఈరమ్మ భర్త మద్దిలేటి నీలిగుండంలో అటవీశాఖ వాచరు. వంక పక్కన పాత కాలపు క్వార్టరు, రాతి గోడలకు మట్టి మెత్తి సున్నం కొట్టిన ఇల్లు. ఆ గోడకే అప్పట్లో రీగ గూడు కట్టింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా పిల్లల్లేని ఇల్లు అది. మట్టి కందిరీగ ఇంట్లో గూడు కడితే ఆ ఇంట్లో ఎవరో నీళ్ళోసుకుంటారని ఆ వైపు ఆడవాళ్ళు నమ్ముతారు. అందుకే గూటిని ఎవరూ కొట్టరు. ఓబులేశ్వరి గోడకు యంత్రం అంటిస్తానంటే ఈరమ్మ సంతోషంగా ఒప్పుకుంది. "చూడక్కా, గూటికి మాత్రం చెయ్యి తగలనీయొద్దు," అంది. అక్కా అనే పిలిచేది అప్పట్లో. రాగిసంగటి పెట్టేది, వద్దన్నా ఇంకో ముద్ద వేసేది.

నలభై రోజులు ముగిసేసరికి ఈరమ్మకు మూడో నెల.

పెట్టెలో మట్టి గదులు చేయాలంటే గూటి లోపలి కొలతలు కావాలి. ఓబులేశ్వరి వెళ్ళిన రోజు ఈరమ్మ ఇంట్లో లేదు, పరీక్షలకు టౌను ఆస్పత్రికి పోయింది. "ఆమె వచ్చినాక అడిగి తీసుకోండి మేడం," అన్నాడు మద్దిలేటి. జీపు నిలబడి ఉంది, అవతల ల్యాబులో అందరూ ఎదురుచూస్తున్నారు. "నేను చెప్తాలే," అంది ఓబులేశ్వరి. ఉలితో గూటిని గోడ నుంచి విడదీయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

పన్నెండో రోజున ఈరమ్మ కడుపు నిలవలేదు.

గూటికీ దానికీ ఏ సంబంధమూ లేదని ఓబులేశ్వరికి తెలుసు. ఏ డాక్టరైనా అదే చెబుతాడు. తన చదువంతా అదే చెబుతుంది. చూడటానికి వెళితే ఈరమ్మ మంచం మీద లేచి కూర్చొని, "కూర్చోండి మేడం," అంది. నిందించలేదు, ఏడవలేదు. అక్క పోయి మేడం వచ్చింది, అంతే. ఆ ఒక్క మాటకు ఓబులేశ్వరి మళ్ళీ ఆ గడప తొక్కలేకపోయింది.

ఇప్పుడు తొక్కక తప్పలేదు.

*

మధ్యాహ్నం ఎండలో ఇల్లు అలాగే ఉంది. కొత్తగా సున్నం కొట్టారు. వెలుగుకు గోడలు కళ్ళు జిగేల్‌మనిపిస్తున్నాయి. రోలు పక్కన, మనిషి భుజమంత ఎత్తులో, అరచేయంత జాగాలో మాత్రం సున్నం లేదు. గూడు పెకిలించినప్పుడు పడిన ఉలి గాట్లు మట్టిలో అలాగే కనిపిస్తున్నాయి.

"రాండి మేడం," అంది ఈరమ్మ. జుట్టు అక్కడక్కడ నెరిసింది. మజ్జిగ ఇచ్చింది. మద్దిలేటి అడవి బీటుకు పోయాడని చెప్పింది.

ఓబులేశ్వరి చూపు గోడ మీదే ఉండటం ఆమె గమనించింది. "ఏటా సున్నం కొడతా. ఆడ వదిలేస్తా. ఏంటికో చెయ్యి పోదు."

రిజ్వానా తెచ్చిన చిన్న యంత్రంలో రికార్డింగు వినిపించారు. రోకటిపోటు వినగానే ఈరమ్మ నవ్వింది. రాగం వచ్చేసరికి నవ్వు ఆగింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

"ఇది యాడ పట్టినారు?"

"ఆ గోడలోనే. నాకు తెలీదు ఈరమ్మా. రీగదే అనుకున్నా."

"మనుషులెవరూ లేనప్పుడు తీస్తాంటి. ఆయప్పకు కూడా తెలీదు." గోడ మీది ఆ జాగాను చూపించింది. "గూట్లో ఉండే బిడ్డకు వినపడతాదేమోనని. వాళ్ళమ్మ మూతేసి పోయింది గదా. ఒకటే ఉంటాది. కొర్రలు దంచుతా, ఊరికే జోకొడతాంటి. నాకూ కడుపులో బిడ్డ. ఇద్దరికీ ఒకటే జోల సరిపోతాది అనుకుంటి."

రిజ్వానా అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఓబులేశ్వరికి ఏడుపు రాలేదు. ఏడ్చే హక్కు తనకు లేదనిపించింది.

జరిగింది మెల్లగా చెప్పింది. రీగ పిల్ల గుడ్డులో ఉన్నప్పుడు తల్లి మోతతోపాటు, తనున్న చోట అదిరేదంతా వంటబట్టించుకుంటుంది. పెద్దయ్యాక అదే అదురు ఉన్న చోటును వెతుక్కుంటుంది. అదే దాని పుట్టిల్లు. ల్యాబులో ఆ పెట్టె మోగుతూ ఉండేది కాబట్టి అక్కడ గూడు కట్టాయి. "నేను పంపిన రీగలన్నీ నీ ఇంటినే వెతుక్కుంటున్నాయి. నలభై ఊళ్ళల్లో. దొరక్క చచ్చిపోతున్నాయి."

ఈరమ్మ ఒక్కటే అడిగింది. "ఎన్ని?"

"పదివేలకు పైన."

"అయ్యో," అంది ఈరమ్మ. ఎవరిదో బిడ్డ సంతలో తప్పిపోయిందని విన్నప్పుడు అంటారే, అలాగ.

*

ఆ తర్వాత పది రోజులు ఓబులేశ్వరి, రిజ్వానా, మద్దిలేటి అడవంతా తిరిగారు. పదకొండు గూళ్ళు దొరికాయి. ఒక్కొక్క గూటి దగ్గర యంత్రం పెట్టి విన్నారు. నీటి చుక్కలు పడే బండ కింద ఉన్న గూట్లో ఆ చుక్కల అదురే ఉంది. వెదురు పొదలో ఉన్నదాంట్లో వెదుళ్ళు ఒరుసుకునే కిరకిర ఉంది. ఎలుగుబంటి వీపు రుద్దుకునే చెట్టుకు కట్టినదాంట్లో ఆ రుద్దుడు కూడా ఉంది. ఆ రోజుల్లో బయటికొచ్చిన పిల్ల రీగలకు రంగు చుక్కలు పెట్టి కాపు కాశారు. చుక్కల బండ కింద పుట్టినది చుక్కలు పడే ఇంకో బండను వెతుక్కొని కుండ కట్టింది. వెదుళ్ళలో పుట్టినది వెదుళ్ళ దగ్గరికే పోయింది.

"ఎన్ని గూళ్ళుంటే అన్ని పుట్టిళ్ళు," అన్నాడు మద్దిలేటి. ఆయనకు ఆశ్చర్యమేమీ లేదు. "మనం ఒకటే ఇల్లు పట్టుకొని అందరికీ పంచినాం మేడం."

ఓబులేశ్వరి డైరెక్టరు గదికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. నలభై ఊళ్ళ రైతుల ఫోన్లు ఆయనకూ వస్తున్నాయి.

"రోకలి అని రాస్తే నలుగురూ నవ్వుతారు ఓబులేశ్వరీ. మూల లయ గురించి నేను ఎన్నిచోట్ల మాట్లాడానో నీకు తెలుసు."

"నవ్వనివ్వండి సార్‌."

"పోనీ, నలభై ఊళ్ళల్లో నలభై చప్పుళ్ళు రికార్డు చేసి పెట్టెలో కలపలేమా? పంపు చప్పుడు, ట్రాక్టరు చప్పుడు. దానికి అడవి ఎందుకు?"

"చప్పుడు కలుపుతాం సార్‌. తల్లి మోత ఎక్కడ్నుంచి తెస్తాం? ఏ తల్లి మోత దానిది. బండకు మెత్తేటప్పుడు ఒక రకం, చెట్టుకు మెత్తేటప్పుడు ఇంకో రకం. నా దగ్గరున్నది ఒక్క తల్లిది. ఆ ఒక్కటీ ఒక మట్టిగోడకు మెత్తింది. మిగతా తల్లులన్నీ అడవిలోనే ఉన్నాయి." ఆమె ఊపిరి పీల్చుకుంది. "వాటిలో కొన్నిటిని ఊరి పక్కన వదలాలి. మందు చల్లని ఒక గట్టు, నాలుగు పూలమొక్కలు, కాస్త తడిమట్టి, ఒక మొండిగోడ ఉంటే చాలు. ఎక్కువ నిలవకపోయినా, నిలిచినవి అక్కడి అదురుతో అక్కడి పిల్లలను కంటాయి. ఒక ఊరి రీగ ఆ ఊరిదవడానికి ఐదారేళ్ళు పడుతుంది. మధ్యలో ఏ ఊళ్ళో చచ్చినా మళ్ళీ తెచ్చుకోవడానికి అడవి ఉండాలి. అది విత్తనాల కుండ సార్‌. అందులోంచి పిడికెడు తీసి చల్లుకుంటాం గానీ కుండకు కుండ వండుకోం కదా."

"ఐదారేళ్ళు ఎవరు ఆగుతారు?"

"నాకు తెలీదు."

"పదిహేడేళ్ళ నీ పని అబద్ధమని నువ్వే రాసుకుంటున్నావు. అది తెలుసా?"

"అబద్ధమని కాదు, సగమని రాస్తున్నా." జోలపెట్టె ఆమె జీవితంలో చేసిన ఒకే ఒక్క పెద్ద పని.

ఫైల్లోని ఆ వాక్యాన్ని కొట్టేసి దాని పక్కన ఇలా రాసింది: ఈ జాతి మనుగడ అభయారణ్యంతోనే ముడిపడి ఉంది. మూల లయ అని మేం ప్రకటించినది నీలిగుండం వాచరు క్వార్టరులో శ్రీమతి ఈరమ్మ రోకటిపోటు. ఆ తప్పు నాది. కింద సంతకం చేసింది.

డైరెక్టరు కాగితాన్ని రెండుసార్లు చదివి, ఒక నిట్టూర్పు విడిచి, తన సంతకం కూడా పక్కన పెట్టాడు. మూడు వారాల తర్వాత పడమటి భాగం ఫైలు వెనక్కి వచ్చింది. రద్దు చేయలేదు, మళ్ళీ పరిశీలించాలని రాశారు. అడవికి కొన్నాళ్ళు ఊపిరి దొరికింది. జోలపెట్టె పథకం మాత్రం సంతకాలు పడిన రోజే ఆగిపోయింది.

ఆమె మొదట ఫోను చేసింది లింగమయ్యకు. ఐదారేళ్ళని చెప్పింది.

ఆ ఏడు అతని చేలో సగం కాయ పురుగు పాలైంది. "మందు కొట్టాల్సి వచ్చె మేడం," అన్నాడు. "అబద్ధం చెప్పను, కొట్టినా. అయినా తూర్పు గట్టు వదిలిపెడతా. మా నాయన కట్టిన మట్టిగోడ కొట్టం ఆడ పడిపోయి ఉండాది. ఇన్నాళ్ళూ తీసేయాలనుకుంటాంటి. బద్ధకం కూడా ఒక్కోసారి పనికొస్తాది చూడండి."

*

ల్యాబులో ఇంకా రెండు వందల పన్నెండు రీగలు మిగిలాయి. వాటిని ఏం చేయాలో ఏ కాగితంలోనూ లేదు. ఓబులేశ్వరి వాటిని ఒక వల పెట్టెలో పెట్టుకొని పొద్దున్నే నీలిగుండం బయలుదేరింది. ఈసారి రిజ్వానాను కూడా రమ్మనలేదు.

ఈరమ్మ వాకిట్లో కొర్రలు చెరుగుతోంది. పెట్టెను చూసి చేట పక్కన పెట్టి లేచింది.

ఓబులేశ్వరి పెట్టెను గడప బయటే దించింది.

"అడగడానికొచ్చినా ఈరమ్మా. వీటికి ఈ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు లేదు. నువ్వు సరేనంటే ఈడ వదులుతా. వద్దంటే తీసుకుపోతా."

ఈరమ్మ వల లోపలికి తొంగి చూసింది. రీగలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి.

"నా బిడ్డలని చెప్పొద్దు మేడం," అంది. "మా ఆయప్ప ఆ నాట్నుంచి అదే మాట. ఈరీ, నీకు పదివేల మంది బిడ్డలంట అని. నాకు నచ్చలే. వీటికి వాళ్ళమ్మ వేరే ఉండాది. మట్టి మోసింది అది, మూతేసింది అది. నేను ఊరికే పక్కన కూర్చొని జోకొట్టినా. అంతే." తల పైకెత్తి, "నా బిడ్డ నాకు వేరే ఉండె," అంది.

"తెలుసు," అంది ఓబులేశ్వరి. మూడేళ్ళుగా అనలేకపోయిన మాట అప్పుడు బయటికొచ్చింది. "తప్పు చేసినా ఈరమ్మా. గూడు తీయడం వల్ల అట్లా జరగలేదు. అది నాకు తెలుసు, నీకూ తెలుసేమో. అయినా తప్పు చేసినా. నువ్వు ఇంట్లో లేనప్పుడు నీ గోడ మీద చెయ్యి వేసినా."

ఈరమ్మ లోపలికి వెళ్ళి కొర్రలు తెచ్చి రోట్లో పోసింది. వంక నుంచి తెచ్చిన తడిమట్టి ఒక మూకుట్లో పెట్టి గోడ వారగా ఉంచింది. రోకలి తీసుకొని నిలబడింది.

"తియ్యండి మూత."

దబ్‌ అని మొదటి పోటు పడింది. ఓబులేశ్వరి వల విప్పింది. రీగలు గుప్పున లేచి వాకిలంతా పరుచుకున్నాయి. దూలాల కిందికి, చూరు కిందికి పోయి వెతికాయి. ఏడు పోట్లు పడ్డాయి. ఈరమ్మ వంగి గింజలను ఎగదోస్తూ, పెదవులు మూసి రాగం తీసింది. ఈసారి దాచుకోలేదు.

రీగలు గోడ మీద వాలాయి. తెల్లటి సున్నం మీద నిలవలేదు. నడుచుకుంటూ, మీసాలతో తడుముకుంటూ, ఒక్కొక్కటే ఆ అరచేయంత జాగాలోకి చేరాయి. ఒకటి లేచి మూకుటి మీద వాలి మట్టి ఉండను పట్టుకొని వచ్చింది. ఉలి గాటులో దాన్ని ఆనించి, జుయ్‌మని మెత్తడం మొదలుపెట్టింది.

ఓబులేశ్వరి మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని తోచలేదు. ఆ మట్టి ఉండ అంచు గోడకు అతుక్కోవడం చూస్తూనే ఉంది.

ఈరమ్మ రోకలి ఆపలేదు. గోడ వైపే చూస్తూ, పోటుకూ పోటుకూ మధ్య, మామూలుగా మాట్లాడుతున్నట్టే అంది.

"ఆ పొద్దు అడిగింటే ఇయ్యకపోదునా అక్కా?"